డెల్టా నేల మీద స్టార్టింగ్ బ్లాకు: వెల్డింగ్ షాపుదా, జలంధర్‌దా?

నూరు మీటర్లు పరిగెత్తే అమ్మాయికి ముందుగా ఏం కొనాలని అడిగితే దాదాపు ప్రతి తండ్రీ స్పైక్స్, అంటే అడుగున మొనలున్న బూట్లు అంటాడు. స్పైక్స్ కంటికి కనిపిస్తాయి, ఫొటోలో పడతాయి. బయల్దేరేటప్పుడు పాదాలు ఆనించి తన్నడానికి మేకులతో నేలకు బిగించే స్టార్టింగ్ బ్లాకు మాత్రం బడి స్టోర్‌రూమ్‌లో హైజంప్ పరుపు వెనక తుప్పు పడుతూ ఉంటుంది. ఈ సమీక్ష ఆ బ్లాకు గురించే. భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం వైపు బడి గ్రౌండ్ల కోసం కొనదలిస్తే దొరికేవి రెండు రకాలు. ఒకటి ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించిన ఇనప బ్లాకు. రెండోది జలంధర్, మీరట్‌ల నుంచి ఆటవస్తువుల దుకాణాలకు వచ్చే అల్యూమినియం బ్లాకు.

ఫలితం ముందే చెప్పేస్తాం. డబ్బు ఒకదానికే ఉంటే అల్యూమినియం బ్లాకు తీసుకోండి. దానితో వచ్చిన మేకులు మాత్రం పక్కన పెట్టి, పొడుగువి నాలుగు వేరే కోయించుకోండి. స్పైక్స్ ఒక సీజన్ ఆగినా కొంపలు మునగవు.

ఇంత ధీమా ఎందుకో తెలియాలంటే పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల అమ్మాయిల కెరీర్లు చూడాలి. లంకల్లో పుట్టి పెరిగినవాళ్లకు దీవి కష్టం వేరే చెప్పక్కర్లేదు. టువాలు తొమ్మిది దీవుల దేశం, జనం పది, పదకొండు వేలు. ఆ దేశం తొలిసారి ఒలింపిక్స్‌కి వెళ్లింది 2008లో, బీజింగ్‌కి. వెళ్లిన ముగ్గురిలో అసెనాటే మనోవా పదహారేళ్ల పిల్ల. 100 మీటర్లు 14.05 సెకన్లలో పూర్తి చేసింది. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో అదే అమ్మాయి 13.48కి వచ్చింది. తేడా 0.57 సెకను. ఆమె వేగంతో లెక్కేస్తే నాలుగు మీటర్ల పైమాటే, అంటే గీత దగ్గర ఇద్దరు మనుషులు వరసగా పొడుగ్గా పడుకున్నా ఇంకా మిగిలే దూరం. అయినా తర్వాతి రౌండ్‌కి చాల్లేదు.

రాజధాని ఫునాఫుటిలో జనం సాయంత్రం ఆడుకునేదీ పరిగెత్తేదీ విమానాల రన్‌వే మీద. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వేసిన రన్‌వే అది. విమానం వచ్చే ముందు సైరన్ మోగుతుంది, అందరూ పక్కకు తప్పుకుంటారు. ఇక్కడ కోతల్లో బడి గ్రౌండ్ నిండా ధాన్యం ఆరబోస్తే పిల్లలు కాలువ గట్టెక్కి పరిగెత్తడం లాంటిదే. పరుగుకి చోటు ఎలాగో దొరుకుతుంది. రన్‌వే తారులో గానీ గట్టు మీద కంకరలో గానీ బ్లాకు మేకు మాత్రం దిగదు.

సాల్మన్ దీవుల షారన్ ఫిరిసువా సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఆమె దూరపు పరుగుల మనిషి, టోక్యో ఒలింపిక్స్‌లో మారథాన్ పరిగెత్తింది. అర్హత సాధించినవాళ్లు లేని దేశాలకు ఇచ్చే యూనివర్సాలిటీ కోటాలో 2024 పారిస్‌లో ఆమెను 100 మీటర్లకు దింపారు. 14.31 సెకన్లు పట్టింది. మారథాన్‌లో నిలబడి బయల్దేరతారు. 400 మీటర్లూ అంతకు లోపు పరుగులకు వంగి, బ్లాకు మీద నుంచే బయల్దేరాలన్నది నియమం. ఊపిరి ఎంత ఉన్నా ఆ వంగే విద్య వేరే నేర్చుకోవాల్సిందే. దానికి భిన్నంగా పాపువా న్యూగినీకి చెందిన టోయా విసిల్ లండన్‌లో ప్రిలిమినరీ దాటి అసలు రౌండ్‌లో పరిగెత్తింది. 2015లో సొంత దేశంలో, పోర్ట్ మోర్స్‌బీ పసిఫిక్ గేమ్స్‌లో 100, 200 రెండూ గెలిచింది. మరుసటి ఏడు రియోకి కూడా వెళ్లింది. ప్రిలిమినరీ అంటే చిన్న దేశాల వాళ్లకు పెట్టే వడపోత. అది దాటిన దీవి అమ్మాయిలు తక్కువ.

మన డెల్టాకూ ఒక ఒలింపియన్ ఉంది. తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 పారిస్‌లో 4×400 రిలే జట్టులో పరిగెత్తింది. ఆ తర్వాత పీఈటీ సార్ల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు పెరిగారు, స్పైక్స్ కొనేవాళ్లూ పెరిగారు. రిలేలో బ్లాకు మొదటి రన్నర్‌కి మాత్రమే, మిగతా ముగ్గురూ నిలబడే బయల్దేరి బ్యాటన్ అందుకుంటారు. కాబట్టి రిలే చూసి బ్లాకు అక్కర్లేదనుకోవడం పొరపాటు. విడిగా 400 పరిగెత్తేటప్పుడు అదే అమ్మాయి బ్లాకులో కూర్చోవాలి.

ఇక సరుకు. వెల్డింగ్ షాపు బ్లాకు అంటే ఒక ఫ్లాట్ పట్టీ, దానికి డ్రిల్లుతో వేసిన కంతలు, బోల్టుతో బిగించే రెండు ఇనప పెడల్స్, అంటే పాదాలు ఆనించే పలకలు. బరువుగా ఉండటమే దీని గొప్ప, నేల మీద తొందరగా జరగదు. లోపాలు మూడు. పెడల్ వాలు ఒకే కోణంలో వెల్డింగ్ చేసేస్తారు, మార్చడానికి ఉండదు. ఏడో తరగతి పిల్లకీ ఇంటర్ అమ్మాయికీ అదే వాలు. రెండోది, పెడల్ మీద రబ్బరు ఉండదు. సైకిల్ ట్యూబు ముక్క అంటిస్తారు, అది మొదటి వానకి ఊడిపోతుంది. ఆ తర్వాత స్పైక్ మొనలు ఇనుము మీద జర్రున జారతాయి. మూడోది, పట్టీ మందం తగ్గిస్తే మధ్యలో విల్లులా వంగుతుంది. చేయించక తప్పదనుకుంటే పట్టీ మందం 5 మి.మీ.కి తగ్గొద్దనండి. పెడల్ వెనక ఊతంగా అడ్డ పట్టీ వేయించండి. వెల్డింగ్ అతుకు రెండు పక్కలా పడిందో లేదో చూసుకోండి. ఒక పక్కే వేసిన అతుకు సీజన్ మధ్యలో విడిపోతుంది, అదీ అమ్మాయి బలమంతా పెట్టి తన్నిన క్షణంలోనే.

అల్యూమినియం బ్లాకు తేలిక. ఒక చేత్తో పట్టుకుని ఆర్టీసీ బస్సెక్కొచ్చు. మధ్య పట్టీకి రెండు పక్కలా గాళ్లు ఉంటాయి, పెడల్‌ని ఎత్తి కావలసిన గాడిలో దింపుతారు. పెడల్ వాలు మార్చుకోవడానికి నాలుగైదు మెట్లు ఉంటాయి. కొనేటప్పుడు దుకాణంలోనే పెడల్‌ని గాడిలో పెట్టి రెండు చేతులతో ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. కొత్తదే లటలటలాడితే నల్లమట్టి చేరాక మరీ పాడవుతుంది. వాలు నిలిపే పిన్ను గొలుసుతో కట్టి ఉందో లేదో చూడండి. గొలుసు లేని పిన్ను నెల తిరక్కుండా గడ్డిలో పోతుంది, ఆపైన అందరూ మేకు ముక్క దూర్చి నడిపిస్తారు. పెడల్ చట్రం ప్లాస్టిక్‌ది అయితే తీసుకోవద్దు. మన ఎండకు రెండు వేసవులు దాటదు.

దీనితో వచ్చే మేకులు గట్టి నేల కోసం చేసినవి. మన నల్లమట్టి వానాకాలం జిగురు, వేసవిలో నెర్రెలు. జిగురులో పొట్టి మేకు వెన్నలో దిగినట్టు దిగుతుంది, అంత సుఖంగానే బయటికి వస్తుంది. తన్నినప్పుడు బ్లాకు నాలుగు వేళ్లు వెనక్కి జరిగితే అమ్మాయి తోపులో కొంత ఆ జరగడానికే పోతుంది. శరీరం ముందుకి పడాల్సింది పోయి, తూలకుండా ఆపుకోవడానికి రెండో అడుగులోనే నిటారుగా లేస్తుంది. నాలుగు వారాలు అలా సాధన చేస్తే అదే అలవాటుగా స్థిరపడుతుంది. బ్లాకు జరుగుతుందన్న భయంతో గట్టిగా తన్నడమే మానేస్తుంది. వేగం లేదని మనం అనుకునే పిల్లల్లో కొందరికి నిజంగా లేనిది కదలని బ్లాకు. పీఈటీ సార్లు ఒకసారి పక్క నుంచి ఫోన్‌లో స్లోమోషన్ తీసి, మనిషిని వదిలేసి పెడల్‌ని చూడండి. తెలిసిపోతుంది.

మందు చవక. స్లాబు పనులు జరిగే చోట 10 మి.మీ. ఊచ దొరుకుతుంది. దాన్ని 25 సెం.మీ. ముక్కలుగా నాలుగు కోయించి, ఒక కొన సానపట్టించి, రెండో కొనకి వాషర్ వెల్డింగ్ చేయించండి. వాషర్ లేకపోతే తీసేటప్పుడు పట్టు దొరకదు. పట్టీ కంతలో ఊచ పట్టకపోతే 8 మి.మీ.ది తీసుకోండి గానీ కంత పెద్దది చేయొద్దు. కొట్టే తీరు ముఖ్యం. మేకు నిట్టనిలువుగా దిగకూడదు. తల ప్రారంభ గీత వైపు వాలి, మొన వెనక్కి పోవాలి. అలా వాలితే బ్లాకు వెనక్కి నెట్టిన కొద్దీ మేకు ఇంకా లోతుకు దిగుతుంది. ఎదురుగా, అంటే తల వెనక్కి వాల్చి కొడితే ప్రతి తన్నుకీ కాస్త కాస్త పైకి లేస్తుంది. గేదె పగ్గపు గుంజ పాతేవాళ్లకి ఇది చిన్నప్పుడే తెలుసు. ముందు మేకు వదులైతే పట్టీ ముక్కు గాల్లోకి లేస్తుంది కాబట్టి ముందు రెండు, వెనక రెండు కొట్టాలి. వెనక ఒక్కటి కొట్టి ఊరుకుంటే లాభం లేదు.

వాన పడ్డ మర్నాడు ఈ మేకులూ ఆగవు. అప్పుడు పెడల్స్ వెనక ఇసుక నింపిన రెండు గోనె సంచులు ఆనించండి. మనిషిని వెనక కూర్చోబెట్టి పాదాలతో పెడల్స్ అదమమనడం ప్రతి గ్రౌండ్‌లోనూ కనిపిస్తుంది. పని చేస్తుంది గానీ ఆ మనిషి చేతివేళ్లు పట్టీ గాళ్ల దగ్గర పెట్టకూడదు. నరసాపురం, అంతర్వేది వైపు ఇసుక నేలలో మేకు మాటే మరిచిపోండి. సుమారు నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న మందపాటి చెక్కకు బ్లాకుని బోల్టులతో బిగించి, చెక్కని ఇసుకలో సమానంగా పూడ్చి, వెనక సంచులు వేయడమే దారి. వేలు ఆనే చోటు కూడా గట్టిగా ఉండాలి కాబట్టి గీత దగ్గర తడిమట్టి దిమ్మిస కొట్టండి.

బ్లాకు పెట్టే కొలత అమ్మాయి పాదంతోనే తీయాలి. గీత నుంచి ముందు పెడల్‌కి రెండు పాదాలు, వెనక పెడల్‌కి మూడు పాదాలు. బూటు 23 సెం.మీ. ఉంటే 46, 69. ఇక్కడ మొదలుపెట్టి ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ సర్దాలి. ముందు పెడల్ సుమారు 45 డిగ్రీలు, వెనకది ఇంకాస్త నిలువుగా. బయల్దేరే చప్పుడుకి ముందు ఆఖరి ఆజ్ఞగా ‘సెట్’ అన్నప్పుడు ముందు మోకాలు దాదాపు 90 డిగ్రీల్లో, వెనక మోకాలు 120 నుంచి 135 మధ్య, నడుము భుజాల కంటే కొంచెం ఎత్తులో ఉండాలి. నడుము మరీ పైకి లేస్తే వెనక కాలు ముందే నిటారై తన్నడానికి ఏమీ మిగలదు. మరీ కిందుంటే కప్పలా గెంతుతుంది. ‘ఆన్ యువర్ మార్క్స్’ అన్నాక రెండు చేతులూ కనీసం ఒక మోకాలూ నేలకు, రెండు పాదాలూ పెడల్స్‌కి ఆనాలి. వేళ్లు గీత మీద పడకూడదు. ముగ్గు గీత అయితే వేలిముద్ర చెప్పేస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ‘మా పిల్లది నాలుగో గాడి, ఏడో గాడి’ అని గుర్తుపెట్టుకుంటారు. గాళ్ల మధ్య దూరం ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది. రాష్ట్ర పోటీల్లో నిర్వాహకులు పెట్టిన బ్లాకు వేరే రకం, అక్కడ నాలుగో గాడి ఎక్కడో తేలుతుంది. సర్దుకోవడానికి దొరికేది రెండు మూడు నిమిషాలు. కొలత పాదాల్లోనో సెంటీమీటర్లలోనో అరచేతిలో రాసుకున్న అమ్మాయి టక్కున పెట్టుకుంటుంది, మిగతావాళ్లు పక్క లేన్ చూసి పెడతారు. ఊరి గ్రౌండ్ నుంచి నేరుగా పెద్ద స్టేడియంలోకి వెళ్లే పిల్లకి, దీవి నుంచి ఒలింపిక్స్‌కి వెళ్లే పిల్లకి ఉన్న ఇబ్బంది ఇదే, స్థాయిలో తేడా తప్ప. అల్యూమినియం బ్లాకుకి మేం ఎక్కువ మార్కులు వేయడానికి పెద్ద కారణమూ ఇదే. గాడి మార్చడం, వాలు మార్చడం, పిన్ను వేయడం చేతికి అలవాటవుతాయి. వెల్డింగ్ షాపు బ్లాకు మీద ఎన్నాళ్లు కూర్చున్నా ఆ విద్య రాదు.

ఫాల్స్ స్టార్ట్ మాట కూడా చెప్పుకోవాలి. 2010 నుంచి ఒక్కసారి ముందు కదిలితే చాలు, బయటికే. సెన్సర్ ఉన్న బ్లాకు మీద తుపాకీ మోగాక 0.100 సెకను లోపు కదిలినా తప్పే. ఆ ఏడాదే ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్ మహిళల 100 ఫైనల్‌లో ఆస్ట్రేలియా రన్నర్ శాలీ పియర్సన్ ఫాల్స్ స్టార్ట్ అయినా ముందుగా పరిగెత్తనిచ్చారు. గెలిచాక అనర్హురాలన్నారు. తర్వాత స్థానంలో ఉన్న నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికింది. చివరికి స్వర్ణం సెయింట్ విన్సెంట్ అనే చిన్న కరీబియన్ దీవి దేశానికి చెందిన నటాషా మేయర్స్‌కి దక్కింది. మన బడుల్లో తుపాకీ ఉండదు, క్లాపరో విజిలో. సాధనలో ‘సెట్’కీ చప్పుడుకీ మధ్య వ్యవధి ప్రతిసారీ మార్చండి. ఒకే తాళంలో కొడితే పిల్లలు శబ్దం వినడం మానేసి లెక్కపెడతారు.

సింథటిక్ ట్రాక్ మీద మన ఊచ మేకులు బయటికి కూడా తీయకూడదు. ట్రాక్ చిరిగితే బాగు చేయించే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అక్కడ బ్లాకు అడుగున ఉండే చిన్న మొనలే పట్టు.

స్పైక్స్ గురించి క్లుప్తంగానే. సింథటిక్ మీద స్పైక్ పొడవు 9 మి.మీ. దాటకూడదు, బూటుకి పదకొండుకి మించి ఉండకూడదు. మట్టి మీద 12 మి.మీ. వేసుకునే అమ్మాయి పొట్టివాటి సెట్టు, బిగించే కీ సంచిలో పెట్టుకునే వెళ్లాలి, లేకపోతే పోటీకి ముందు తనిఖీ చేసే కాల్ రూమ్‌లో ఆపేస్తారు. తడి నల్లమట్టిలో మొనల మధ్య పెళ్ల కట్టి అడుగు నున్నగా అయిపోతుంది. ప్రతి పరుగుకీ పాత టూత్‌బ్రష్‌తో గీకక తప్పదు. అసలు ఇబ్బంది సైజు. దుకాణాల్లో మగపిల్లల సైజులే నిండుగా ఉంటాయి, మూడు, నాలుగు నంబర్లు అడిగితే ఐదు చేతిలో పెట్టి ముందు దూది కుక్కుకోమంటారు. వినొద్దు. పెడల్‌ని తన్నినప్పుడు పాదం ముందుకి జారి గోళ్లు నల్లబడతాయి, తోపు బూటులోనే ఇంకిపోతుంది. సాయంత్రం పూట, నిలబెట్టి, రెండు పాదాలూ కాగితం మీద గీసి, పెద్దదాని కొలత సెంటీమీటర్లలో ఇచ్చి తెప్పించుకోండి. విడి మొనలు కొనేటప్పుడు బూటు వెంట తీసుకెళ్లండి, మరలు అన్నీ ఒకేలా ఉండవు.

సముద్రం గాలి తగిలే ఊళ్లలో స్పైక్ మొన మరలోనే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. వారానికోసారి విప్పి, మరకి గ్రీజో వాజలైనో పూసి మళ్లీ బిగించాలి. బ్లాకు పట్టీ అల్యూమినియందైనా బోల్టులు, పిన్నులు, స్ప్రింగులు ఇనపవే. వాటికీ అదే వైద్యం. గాళ్లలో మట్టి ఎండనిస్తే పెడల్ సగమే దిగి, చూడటానికి దిగినట్టే ఉంటుంది. బలంగా తన్నినప్పుడు గాడి తప్పి ఎగురుతుంది, మడమకి తగులుతుంది. సాధన అయిన వెంటనే బోరు కింద కడిగి, ఆరబెట్టి, స్టోర్‌రూమ్‌లో గోడకి మేకు కొట్టి వేలాడదీయండి. నేల మీద పెడితే దాని మీద ఎవరో క్రికెట్ కిట్టు పడేస్తారు. రబ్బరు పలకలు రెండు అదనంగా అడిగి తీసుకోండి. దుకాణదారు లేవంటే లారీ మడ్‌ఫ్లాప్ రబ్బరు అదే కొలతకి కోసి, జిగురుతో పాటు మూలలకి నాలుగు రివెట్లు కొట్టించండి. రివెట్ తల రబ్బరులోకి అణిగేలా కొట్టమనండి, పైకి తేలితే స్పైక్ మొన సరిగ్గా దాని మీదే పడి జారుతుంది.